పేరిణి మనం ఆడవచ్చునా?



ఈసారి వార్షికోత్సవానికి పేరిణి నేర్పుతానని డ్యాన్సు సారు అన్నప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. ఆ రాత్రి మన గదిలో ఒకడు లేచి కూర్చున్నాడు. "అరే, అది కాకతీయుల సైన్యం ఆడిన ఆటంట గదా. ఆ సైన్యమే గదరా మన సమ్మక్క తల్లి మీదికి వచ్చింది? మేడారంల ఉండి మనం అదెట్ల ఆడుతం?" అన్నాడు. ఎవ్వరం జవాబు చెప్పలేదు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. లైబ్రరీలో చదివినవి, తెలుగు సారును అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

రామప్ప గుడి పాలంపేటలో ఉంది, మన ములుగు జిల్లాలోనే. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. అప్పటి రాజు గణపతిదేవుడు. ఆయన గజసేనాని జాయప 'నృత్తరత్నావళి' అని ఒక సంస్కృత గ్రంథం రాశాడు. అందులో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు శాస్త్రం ప్రకారం ఆడే మార్గ నృత్యం, తరువాతి నాలుగు జనం ఆడుకునే దేశి నృత్యాలు. పేరిణి ఆ దేశి భాగంలోనే వస్తుంది. వీరులు యుద్ధానికి పోయే ముందు శివుని ముందర ఆడేవారని చెప్తారు. మన పెద్దలు చెప్పే కథలో కరువు పడ్డా కప్పం అడిగిన రాజు ప్రతాపరుద్రుడు. ఆయన గద్దెనెక్కింది 1289లో. అంటే గుడి కట్టిన డెబ్బై ఆరేళ్ళకు. అయినా మనవాడి ప్రశ్న ప్రశ్నే, రాజ్యం అదే గదా.

తరువాత ఆ ఆట మరుగున పడింది. నటరాజ రామకృష్ణ గారు (1923–2011) ఆ గ్రంథం చదివి, రామప్ప శిల్పాలు చూసి మళ్ళీ కూర్చారు. 1985 శివరాత్రికి రామప్ప దగ్గరనే ఆడించారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రాతిబొమ్మ కదలదు. ఒక బొమ్మలో కాలు ఎత్తి ఉంటుంది, ఇంకో బొమ్మలో దించి ఉంటుంది. మధ్యలో ఆ కాలు ఎట్ల దిగిందో రాయి చెప్పదు. ఆ మధ్యదంతా మన కాలపు మనిషి ఆలోచించి నింపిందే. కాబట్టి సారు నేర్పేది అచ్చంగా ఆ సైన్యం ఆడిన ఆట కాదు. ఇంతకుముందు ఒకరు నింపినట్లే మనమూ కొంత నింపవచ్చు.

రాజుల ఆటతో కొత్త మాట చెప్పించడం వేరే దేశాల్లో కూడా జరిగింది. టీవీలో మునివేళ్ళ మీద నిలబడి గిర్రున తిరుగుతుంటే చూసి నవ్వాం గదా, అది బ్యాలే. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ 1653లో, పద్నాలుగేళ్ళ వయసులో, సూర్యుని వేషం కట్టి తానే బ్యాలే ఆడాడు. అందరూ నా చుట్టూ తిరగాలె అని సభకు చెప్పడమే అది! తరువాత ఇసడోరా డంకన్ వంటివాళ్ళు ఆ బిగుతు జోళ్ళు విప్పేసి ఉత్తకాళ్ళతో ఆడారు. ఆధునిక నృత్యం అట్ల మొదలైందని పుస్తకాల్లో గొప్పగా రాశారు. మన అవ్వలు ఎప్పుడూ ఉత్తకాళ్ళతోనే ఆడతారు, అది వేరే సంగతి.

నాకు బాగా నచ్చింది జర్మనీ ఆయన కుర్ట్ యోస్ 1932లో చేసిన 'గ్రీన్ టేబుల్'. ఆకుపచ్చ బల్ల చుట్టూ నల్లకోట్ల పెద్దమనుషులు ముసుగులు పెట్టుకుని వాదులాడుతారు, వంగి దండాలు పెట్టుకుంటారు, తుపాకులు తీసి పేలుస్తారు. యుద్ధం వస్తుంది. మృత్యువు వేషగాడు వచ్చి సైనికుణ్ణి, ముసలితల్లిని, ఒక్కొక్కరినే తీసుకపోతాడు. చివరికి మళ్ళీ అదే బల్ల, అవే దండాలు. వాళ్ళకు మాత్రం ఏమీ కాదు. ఒక్క మాట కూడా లేదు, అయినా ఎవరిని అంటున్నారో అందరికీ తెలుస్తుంది. తన బృందంలోని యూదులను తీసేయమంటే యోస్ ఒప్పుకోలేదు. మరుసటేడు దేశమే విడిచిపోయాడు.

మన తెలుగులో వెంపటి చినసత్యం గారు 'చండాలిక' నృత్యనాటకం చేశారు. కథ టాగోరుది. అంటరానిదని దూరం పెట్టిన ప్రకృతి అనే పిల్లను ఆనందుడనే భిక్షువు నీళ్ళు అడుగుతాడు. కూచిపూడిలో తరతరాలు బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళే ఆడవేషాలు కూడా కట్టేవారు. ఆ ఆటలోకే ఈ పిల్ల వచ్చింది.

ఇక మన కొమ్ముల ఆట. అడవిదున్న కొమ్ములు తలకు కట్టి, డోళ్ళు కొట్టుకుంటూ పండుగకు ఊళ్ళో ఆడితే అది మన ఇల్లు. ఒకసారి మా ఊరివాళ్ళను ఎవరో పెద్దాయన వస్తున్నాడని ఎండలో రెండు గంటలు నిలబెట్టి ఆడించారు. అవే అడుగులు, అవే కొమ్ములు. కారు అద్దం కూడా దించలేదు. మా తాత ఇంటికొచ్చి డోలు మూలకు పెట్టి, ఆ పూట అన్నం తినలేదు.

అందుకని నాకు తోచింది ఇది. పేరిణి ఆడుదాం, ఒక్కటే కాదు. సగంమంది పేరిణి గజ్జెలతో ఒక పక్క, సగంమంది కొమ్ములు, డోళ్ళతో ఇంకో పక్క. మధ్యలో ఎండిన పొలం, కప్పం అడిగే భటుడు. అమ్మ వేషం ఎవ్వరూ కట్టొద్దని తాత గట్టిగా చెప్పాడు. గద్దెల మీద కూడా విగ్రహం లేదు గదా. స్టేజీ మధ్యలో ఒక్క వెదురు నిలబెడితే చాలన్నాడు. ఈ మాట చెప్తే ఆ రాత్రి ప్రశ్న అడిగినవాడే కొమ్ములు నేను కడతా అన్నాడు.

డ్యాన్సు సారు సరే అన్నారు. రెండు డోళ్ళు తాత ఇస్తాడు. వార్డెన్ గారికి మనవి: రాత్రి స్టడీ అవర్ అయినాక అరగంట ప్రాక్టీసుకు పర్మిషన్ ఇవ్వండి సార్. చప్పుడు కొంచెం ఎక్కువనే ఉంటది.

— పదవ తరగతి విద్యార్థి