అక్షరం ఉచితమే.. అమ్మకానికి కాదు!

భివండీ, శాంతి నగర్: మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వలసొచ్చిన కుటుంబాలకు పెళ్లి పత్రిక అయినా, బతుకమ్మ ఫ్లెక్సీ అయినా తెలుగులో ఉంటేనే ముచ్చట. వాటిని తయారు చేసే డీటీపీవాళ్లకు మాత్రం ఒకటే గుబులు. ‘ఫ్రీ ఫాంటుతో పైసలు సంపాదిస్తే కేసవుతుందా?’

అన్నింటికీ కాదు. గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించిన మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ ఫాంట్లను సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందించింది. వీటితో పత్రికలు, బ్యానర్లు, చీరల డిజైన్లు చేసి అమ్ముకోవచ్చు. రుసుము లేదు. ఫాంటు ఫైలును విడిగా అమ్మడమే కుదరదు. సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇస్తే లైసెన్సు పత్రమూ జతచేయాలి.

ఫ్రీగా దొరికేవన్నీ ఇలా ఉండవు. ‘పర్సనల్ యూజ్’ అని ఉంటే సొంతానికే. గిరాకీ పనికి వాడొద్దు. ముందు లైసెన్సు చదవాలి, తర్వాతే ఆర్డరు పట్టాలి.