ఒక బిడ్డ, అనేకమంది డాక్టర్లు: ప్రత్యేక ఆరోగ్య అవసరాలున్న పిల్లలకు సమన్వయ వైద్యం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ప్రత్యేక ఆరోగ్య అవసరాలున్న పిల్లలు అంటే ఎవరో చెప్పగలుగుతారు.
• డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకు ఏ పరీక్షలు ఎప్పుడు అవసరమో వివరించగలుగుతారు.
• వైద్యంలో సమన్వయం లోపిస్తే కలిగే నష్టాన్ని గుర్తించగలుగుతారు.
• బిడ్డ ఆరోగ్య పుస్తకాన్ని తయారుచేయగలుగుతారు.

1. పరిచయం

బిడ్డకు జలుబు చేస్తే ఒక డాక్టరుకు చూపిస్తాం. నాలుగు రోజులు మందు వేస్తే తగ్గిపోతుంది. ఆ తరువాత మందుల చీటీ ఎక్కడో పారేసినా పెద్ద నష్టం లేదు. కాని కొందరు పిల్లలకు ఒక డాక్టరు చాలడు, ఒక చీటీ చాలదు. గుండెను ఒకరు, చెవులను మరొకరు, నడకను ఇంకొకరు చూడాలి. వీరందరూ చూసేది ఒకే బిడ్డను. అయినా ఒకరు చెప్పింది మరొకరికి తెలియకపోతే ఏమవుతుంది?

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. వారి పాపకు డౌన్ సిండ్రోమ్ ఉన్నట్లు పుట్టిన ఆస్పత్రిలోనే గుర్తించారు. "గుండెకు ఎకో పరీక్ష చేయించండి" అని ఒక చీటీ రాసిచ్చారు. ఇంటికి వచ్చాక ఆ చీటీ మిగతా కాగితాలతోపాటు ఒక ప్లాస్టిక్ సంచిలో ఉండిపోయింది. పాపకు తరచుగా దగ్గు, ఆయాసం వచ్చేవి. పాలు తాగుతూ తాగుతూ అలసిపోయేది, చెమటలు పట్టేవి. మూడు నెలల్లో ముగ్గురు డాక్టర్లకు చూపించారు. ముగ్గురూ దగ్గుకు మందిచ్చారు. బరువు పెరగకపోతే, "ఇలాంటి పిల్లలు ఇంతేనమ్మా" అని ఇరుగుపొరుగు అన్నారు.

నాలుగో నెలలో టీకా వేయడానికి వచ్చిన ఎ.ఎన్.ఎం. ఆ సంచిలోని కాగితాలన్నీ తీసి చూసింది. "అమ్మా, ఈ ఎకో పరీక్ష చేయించారా?" అని అడిగింది. "లేదమ్మా, అదేమిటో మాకు ఎవరూ చెప్పలేదు" అంది తల్లి. పరీక్ష చేయిస్తే గుండె గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉన్నట్లు తేలింది. సకాలంలో ఆపరేషన్ జరిగింది.

ఈ కథలో ఏ డాక్టరూ తప్పుడు మందు ఇవ్వలేదు. మొదటి డాక్టరు సరైన సలహానే ఇచ్చాడు. లోపించింది ఒక్కటే: ఒకరు చెప్పింది మరొకరికి చేరలేదు. ఈ లోపాన్ని పూరించడాన్నే సమన్వయ వైద్యం అంటారు.

2. ప్రత్యేక ఆరోగ్య అవసరాలు అంటే ఏమిటి?

కొందరు పిల్లలకు శరీరానికి, ఎదుగుదలకు, ప్రవర్తనకు లేదా మనసుకు సంబంధించిన దీర్ఘకాలిక సమస్య ఉంటుంది, లేదా అటువంటి సమస్య వచ్చే అవకాశం ఎక్కువగా ఉంటుంది. అందువల్ల సాధారణ పిల్లలకన్నా వారికి ఎక్కువ సేవలు, వేరు రకం సేవలు అవసరమవుతాయి. వీరినే ప్రత్యేక ఆరోగ్య అవసరాలున్న పిల్లలు అంటారు. అమెరికాలో 1998లో రూపొందించిన నిర్వచనం సారాంశం ఇదే.

ఈ నిర్వచనంలో జబ్బు పేరు లేదని గమనించండి. బిడ్డకు ఏమి కావాలి అన్నదే ముఖ్యం. సెరిబ్రల్ పాల్సీ, తలసీమియా, చిన్నతనంలో వచ్చే మధుమేహం, వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టడం, పుట్టుకతో వచ్చే గుండె లోపాలు వేరువేరు సమస్యలు. అయినా ఆ కుటుంబాలన్నింటికీ ఉమ్మడిగా ఉండే కష్టం ఒకటుంది. సంవత్సరాల తరబడి అనేకమంది దగ్గరకు తిరగాలి, వారు చెప్పినవన్నీ గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

(అ) పైన చెప్పిన పాప విషయంలో లోపించినది ఏమిటి?
(ఆ) ప్రత్యేక ఆరోగ్య అవసరాల నిర్వచనంలో జబ్బు పేరుకన్నా ముఖ్యమైనది ఏది?

3. ఒక ఉదాహరణ: డౌన్ సిండ్రోమ్

మన శరీరంలోని ప్రతి కణంలోనూ సాధారణంగా 46 క్రోమోజోములు ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుంది. ఈ లక్షణాలను 1866లో ఇంగ్లండు వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ వర్ణించాడు. కారణం అదనపు క్రోమోజోము అని 1959లో తెలిసింది. ఇది గ్రహణం వల్లనో, తల్లి తిన్న తిండివల్లనో, ఎవరి పాపంవల్లనో రాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ దీనికి అవకాశం పెరుగుతుంది. అయినా చిన్న వయసు తల్లులకూ ఇటువంటి పిల్లలు పుడతారు.

అదనపు క్రోమోజోమును తీసివేయడం సాధ్యం కాదు. కాని దానితోపాటు వచ్చే సమస్యలలో చాలావాటికి వైద్యం ఉంది. అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుష్షు సుమారు 25 సంవత్సరాలు. ఇప్పుడది సుమారు 60 సంవత్సరాలు. ఈ మధ్యకాలంలో క్రోమోజోము మారలేదు, వైద్యం మారింది. పిల్లల గుండె ఆపరేషన్లు అందులో పెద్ద పాత్ర వహించాయి.

ఈ పిల్లలకు అవసరమైన ముఖ్య పరీక్షలు ఇవి:

గుండె: దాదాపు సగంమందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. పైకి ఏ లక్షణమూ కనిపించకపోయినా, పుట్టిన మొదటి వారాల్లోనే ఎకో పరీక్ష చేయించాలి.

థైరాయిడ్: పుట్టినప్పుడు, 6 నెలలకు, ఏడాదికి, ఆ తరువాత ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించాలి.

వినికిడి: పుట్టగానే పరీక్షించాలి. చెవిలో నీరు చేరడం వీరిలో ఎక్కువ కాబట్టి చిన్నతనంలో తరచుగా పరీక్షిస్తూ ఉండాలి.

చూపు: మొదటి 6 నెలల్లోగా కంటి డాక్టరు చూడాలి. శుక్లం, మెల్లకన్ను, దృష్టిలోపం ఉండవచ్చు.

కండరాలు, మాట: కండరాలు మెత్తగా ఉంటాయి. మొదటి నెలలనుంచే ఫిజియోథెరపీ, తరువాత మాటలు నేర్పే శిక్షణ అవసరం.

టీకాలు: మిగతా పిల్లలందరిలాగే అన్నీ వేయించాలి. మానకూడదు.

4. సమస్యలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయి?

పై జాబితాలోని పరీక్షలన్నీ విడివిడిగా చేయిస్తే చాలదా? చాలదు. ఎందుకో చూద్దాం.

మొదటిది, గుండె. గోడలో పెద్ద రంధ్రం ఉంటే ఊపిరితిత్తులలోకి ఎక్కువ రక్తం ఎక్కువ ఒత్తిడితో వెళుతుంది. అందువల్ల ఆయాసం, తరచుగా న్యుమోనియా వస్తాయి. ఇది కొనసాగితే అక్కడి రక్తనాళాలు మందంగా, గట్టిగా మారతాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఈ మార్పు త్వరగా వస్తుంది. ఒక దశ దాటితే రంధ్రం మూయడం ప్రాణానికే ప్రమాదం. అప్పుడు ఆపరేషన్ చేయలేరు. అందుకే పెద్ద రంధ్రాలను సాధారణంగా మొదటి ఏడాదిలోనే మూస్తారు. దగ్గును మాత్రమే చూసిన డాక్టరుకు గుండె సంగతి తెలియకపోతే, ఆ విలువైన నెలలు దగ్గు మందులతోనే గడిచిపోతాయి.

రెండవది, "మందకొడితనం". బిడ్డ నిద్రమత్తుగా ఉంటే, పిలిస్తే పలకకపోతే, మాటలు రాకపోతే "డౌన్ సిండ్రోమ్ కదా" అని సరిపెట్టుకోవడం సులభం. కాని మత్తుకు కారణం థైరాయిడ్ లోపం కావచ్చు. పలకకపోవడానికి కారణం చెవిలో చేరిన నీరు కావచ్చు. రెండింటికీ వైద్యం ఉంది. చెవి వినిపించని బిడ్డకు మాటల శిక్షణ ఎంత ఇచ్చినా ఫలితం తక్కువే. అంటే చెవి డాక్టరు రాసిన కాగితం మాటలు నేర్పేవారికి చేరాలి.

మూడవది, మెడ. వీరిలో మెడ పైభాగంలోని ఎముకలను పట్టి ఉంచే కండరబంధాలు వదులుగా ఉండవచ్చు. ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చేటప్పుడు మెడను ఎక్కువగా వంచకూడదు. కాబట్టి మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పాలి. నడక మారినా, చేతులు కాళ్లు బలహీనపడినా, మెడ నొప్పి వచ్చినా, అదుపులో ఉన్న మూత్రం మళ్లీ అదుపు తప్పినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

(అ) డౌన్ సిండ్రోమ్ ఉన్న శిశువుకు లక్షణాలు లేకపోయినా ఎకో పరీక్ష ఎందుకు చేయించాలి?
(ఆ) బిడ్డ పిలిస్తే పలకకపోవడానికి వైద్యం ఉన్న ఒక కారణం చెప్పండి.

5. సమన్వయం అంటే ఏమిటి?

అమెరికా బాలవైద్యుల సంఘం 1967లో ఒక ఆలోచన ముందుకు తెచ్చింది. ఇటువంటి బిడ్డకు సంబంధించిన రికార్డులన్నీ ఒకేచోట ఉండాలని, ఆ చోటును బిడ్డకు "వైద్యపు ఇల్లు"గా భావించాలని చెప్పింది. ఎన్ని ఊళ్లు తిరిగినా మనిషికి ఒక ఇల్లు ఉన్నట్లే, ఎంతమంది డాక్టర్లు చూసినా బిడ్డ సంగతి మొత్తం తెలిసిన చోటు ఒకటి ఉండాలి. సమన్వయంలో ముఖ్యంగా నాలుగు పనులున్నాయి:

(1) బిడ్డ సంగతులన్నీ తెలిసిన ఒక ముఖ్య డాక్టరు ఉండాలి.
(2) రికార్డులన్నీ ఒకే పుస్తకంలో ఉండాలి.
(3) తరువాత చేయవలసిన పనికి తేదీ, బాధ్యుడు నిర్ణయం కావాలి.
(4) ఒకరి నిర్ణయం మిగతావారికి తెలియాలి.

6. మన దేశంలో ఉన్న ఏర్పాట్లు

ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త: ఆస్పత్రిలో కాన్పు అయిన శిశువును 42 రోజులలోగా 6 సార్లు ఇంటికి వచ్చి చూస్తుంది. మీ అనుమానాలు మొదట ఆమెతో చెప్పవచ్చు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం: 2013లో మొదలైంది. పుట్టినప్పటినుంచి 18 సంవత్సరాల వరకు పిల్లలను పరీక్షిస్తుంది. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఏడాదికి ఒకసారి వెళ్లాలన్నది నియమం. డౌన్ సిండ్రోమ్, పుట్టుకతో వచ్చే గుండె లోపాలు ఈ కార్యక్రమం చూసే సమస్యలలో ఉన్నాయి. గుర్తించిన పిల్లలకు ఉచిత చికిత్స కల్పించడం దీని ఉద్దేశం.

జిల్లా సత్వర చికిత్సా కేంద్రం: ఇదే కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటు చేసినది. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి, మాట, చూపు, దంతాల నిపుణులు, సామాజిక కార్యకర్త ఒకేచోట ఉండాలన్నది దీని రూపకల్పన. అన్ని కేంద్రాల్లో అందరూ ఎల్లప్పుడూ ఉండకపోవచ్చు. కాబట్టి ఎవరు ఏ రోజు ఉంటారో ముందే కనుక్కుని, రెండు మూడు పనులు ఒకే రోజున పెట్టమని అడగండి. ఒక ప్రయాణం తగ్గితే ఒక రోజు కూలి మిగులుతుంది.

ఖర్చులకు, హక్కులకు: 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలో పిల్లల గుండె ఆపరేషన్లకు చోటు దక్కింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నడిచే నిరామయ బీమాలో మేధో వైకల్యం ఉన్నవారు చేరవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ ధ్రువపత్రం ఉంటే పథకాలకు దరఖాస్తు చేయడం తేలిక. మేధో వైకల్యం విషయంలో శిక్షణకు, సలహాకు 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది.

7. బిడ్డ ఆరోగ్య పుస్తకం

దీనికి గట్టి అట్ట ఉన్న ఒక నోట్‌బుక్, ఒక ఫైలు చాలు.

మొదటి పేజీ: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, ఉన్న సమస్యలు, పడని మందులు, ఇప్పుడు వాడే మందులు మోతాదుతో సహా, ముఖ్య డాక్టరు పేరు. అర్ధరాత్రి కొత్త ఆస్పత్రికి వెళ్లినా ఈ పేజీ చూపిస్తే చాలు.

తరువాతి పేజీలు: తేదీ, ఎవరు చూశారు, ఏం చెప్పారు, మళ్లీ ఎప్పుడు రావాలి.

చివరి పేజీ: చేయవలసిన పరీక్షలు, వాటి గడువు. పూర్తయినవాటికి టిక్కు పెట్టండి.

ఫైలు: ఎకో, రక్తపరీక్షల కాగితాలు తేదీల వరుసలో. తల్లీబిడ్డల కార్డు కూడా ఇందులోనే పెట్టండి.

డాక్టరు గదినుంచి బయటకు వచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి: "డాక్టరు గారూ, ఈ రోజు ఏం మారింది? తరువాత ఏం చేయాలి, ఎప్పటిలోగా? ఈ సంగతి ఇంకా ఎవరికి చెప్పాలి?" జవాబులను అక్కడే రాయించుకోండి. చదవడం రాకపోతే ఆశా కార్యకర్తతోనో, బడికి వెళ్లే పెద్ద పిల్లలతోనో చదివించుకోండి.

ఈ పుస్తకం తల్లి ఒక్కదాని బాధ్యత కాకూడదు. తల్లికి జ్వరం వచ్చిన రోజున తండ్రో, నాయనమ్మో, అమ్మమ్మో బిడ్డను తీసుకుపోగలగాలి. ఇంట్లో కనీసం ఇద్దరికి మొదటి పేజీలోని విషయాలు తెలిసి ఉండాలి.

సారాంశం

ప్రత్యేక ఆరోగ్య అవసరాలున్న బిడ్డకు మంచి డాక్టర్లు ఉంటే చాలదు, వారి మాటలు ఒకచోట కలవాలి. సమస్యలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఆలస్యమైతే కొన్నింటికి వైద్యం చేసే అవకాశమే పోతుంది. ఒక ముఖ్య డాక్టరు, ఒక పుస్తకం, గడువు తేదీలు, అందరికీ సమాచారం: ఇవే సమన్వయానికి పునాది. పుస్తకం డాక్టరుకు బదులు కాదు. డాక్టరుకు మీ బిడ్డను పూర్తిగా చూపించే సాధనం.

అభ్యాసాలు

1. గుండెలో పెద్ద రంధ్రం ఉన్న బిడ్డకు ఆపరేషన్ ఆలస్యం అయితే కలిగే నష్టాన్ని వివరించండి.
2. సమన్వయంలోని నాలుగు పనులను రాయండి.
3. మీ ఊరి ఆశా కార్యకర్తను కలిసి, మీ జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రం ఎక్కడ ఉందో, అక్కడ ఎవరెవరు ఏయే రోజుల్లో ఉంటారో తెలుసుకుని రాయండి.
4. మీకు తెలిసిన ఒక బిడ్డకోసం ఆరోగ్య పుస్తకం మొదటి పేజీ తయారుచేసి ఆ కుటుంబానికి ఇవ్వండి.

జవాబులు

1. (అ) ఒక డాక్టరు చెప్పిన సలహా మిగతావారికి చేరకపోవడం. (ఆ) బిడ్డకు అవసరమైన సేవలు.
2. (అ) దాదాపు సగంమందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది, మొదట్లో అది పైకి కనిపించకపోవచ్చు. (ఆ) చెవిలో నీరు చేరడంవల్ల వినికిడి తగ్గడం.