తొలి జాడీ

పుష్యమాసము గడచి మాఘము ప్రవేశించునప్పటికి గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి చేలు రెండు రంగులు దాల్చును. ఒకవంక పత్తికాయలు పగిలి తెల్లని దూది వ్రేలాడుచుండగా, వేఱొకవంక మిరపచేలు ఎఱ్ఱబారి కన్నులపండువుగా నుండును. ఆ దినములలో సత్తెనపల్లి నుండి నరసరావుపేట మీదుగా అద్దంకివైపు పోవు బాటసారి, కల్లములందు ఎండబోసిన కాయల ఘాటునకు ఒక్కసారియైనను తుమ్మక మానడు.

ఈ కాయ మన దేశమున పుట్టినది కాదు. అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలమీద మన తీరము చేరినది. అంతకు పూర్వము మన వంటయిండ్లలో కారమనగా ప్రధానముగా మిరియమే. వచ్చినది పరాయిదైనను నల్లనేల దానిని కన్నబిడ్డవలె పెంచుకొన్నది. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట, కుడికాలువ నీరందిన గ్రామములలో ఈ సాగునకు మంచి అండ దొరికినది. నేడు గుంటూరు మిరపకాయల విపణి ఆసియాఖండమునందలి పెద్ద విపణులలో నొకటిగా పేరొందియున్నది.

విపణికి పోవునది ఎండుమిరపకాయ. ఇంటికొఱకు అట్టిపెట్టుకొనునది పండుమిరపకాయ. చెట్టుననే పండి ఇంకను పచ్చిదనము వీడని ఆ ఎఱ్ఱని కాయలతో సంవత్సరమునకు సరిపడ పచ్చడి దంచి జాడీకెత్తుట ఈ సీమలో తరతరములుగా వచ్చుచున్న పని. ఆ పచ్చడినే కొరివికారమనియు అందురు. పేరు వినినంతనే నోరు మండునట్లున్నను, తినువారికి అది ప్రాణము.

పట్టణమున నివసించువారికి పచ్చడి యనగా కూరతోపాటు నంజుకొనునది. చేనిపనులు చేయు కుటుంబములలో దాని స్థానము వేఱు. పత్తితీతయు మిరపకోతయు ఒక్కుమ్మడిగా మీదపడు నెలలలో ప్రొద్దుపొడవక మునుపే ఇంటిల్లిపాదియు చేనికి పోవలసియుండును. కూరలు తరుగుటకు తీరిక యుండదు. అన్నము వార్చి, క్యారేజీలో సర్ది, పైన నిమ్మకాయంత పచ్చడి ముద్ద యుంచి మూతవేసినచో మధ్యాహ్నపు భోజనము సిద్ధమైనట్లే. వానకాలమున కూరగాయల ధర పెరిగినప్పుడును ఆ జాడీయే దిక్కు. కనుక జాడీ చెడినదనగా ఒక రుచి పోయినదని కాదు. ఆ యింటి ఏడాది కూర పోయినదని యర్థము.

ఈ భారము యువతీయువకుల భుజములపై పడు ఘడియ యొకటి కలదు. పెండ్లియైన తొలి యేట జాడీ పుట్టింటినుండి సారెతో వచ్చును. లేదా అత్తగారు పెట్టి యిత్తురు. వేరు కాపురము పెట్టిన యేట మాత్రము ఆ దంపతులే స్వయముగా పెట్టుకొనవలెను. అప్పటివరకు తల్లి ప్రక్కన కూర్చుండి తొడిమలు తీసిన అనుభవమే గాని, ఉప్పు తాను వేసి యెరుగని పిల్ల. అయిదు కిలోల కాయలు, దానికి తగిన చింతపండు, నూనె, కొత్త జాడీ, ఇవన్నియు కొనుటకే కొత్త కాపురమువారికి గణనీయమైన వ్యయము. సంక్రాంతి పండుగకు అరిసెలు వండుటయు నేర్పుతో కూడిన పనియే. కాని అరిసెల పాకము కుదిరినదో లేదో ఆ పూటకే తెలియును. గట్టిపడినచో నవ్వుకొనుచు తినివేయుదురు. జాడీ సంగతి యట్లు కాదు. మాఘమున పెట్టినదాని ఫలితము శ్రావణము వచ్చిననే గాని తెలియదు.

పెద్దలు చెప్పు నియమములు చాలవఱకు ఒక్క శత్రువును దృష్టియందుంచుకొని యేర్పడినవి. ఆ శత్రువు తడి.

మొదట కాయల ఎంపిక. చర్మము బిగువు సడలక, మెఱయుచున్న కాయలనే గ్రహింపవలెను. మచ్చలున్నవి, పురుగు తొలిచినవి, మెత్తబడినవి ఏరి పారవేయవలెను. బస్తాలో తాలుకాయలు కలిసినచో బేరగాడు ధర తగ్గించునంతే. జాడీలో కుళ్లుకాయ కలిసినచో జాడీ అంతయు పోవును.

పిమ్మట కడుగుట. కాయలను తొడిమలతోనే కడుగవలెను. కొత్తవారు పని సులువగునని ముందుగా తొడిమలు తీసి తరువాత కడుగుచుందురు. చెడిన జాడీలలో పెక్కింటికి మూలము ఇచ్చటనే. తొడిమ ఊడిన చోట రంధ్ర మేర్పడి దానిగుండ నీరు కాయ కడుపులోనికి పోవును. అచ్చట చేరిన నీటిని ఏ గుడ్డయు తుడువజాలదు. కడిగిన కాయలను పొడి గుడ్డతో తుడిచి, నీడను పఱచి, గాలికి ఒక పూట ఆరనిచ్చి, అప్పుడే తొడిమలు తీయవలెను. మబ్బుపట్టిన దినమున ఈ పనికి పూనుకొనరాదనుటకును ఇదియే కారణము.

తొడిమలు తీయువారు ముందుగా చేతులకు నూనె రాచుకొందురు. మిరపకాయకు కారము నిచ్చు పదార్థమునకు కాప్సైసిన్ అని పేరు. అది నీటిలో సరిగా కరగదు. నూనెలోను నేతిలోను కరగును. చేయి మండినప్పుడు చెంబులకొలది నీరు పోసినను మంట తగ్గకుండుటకును, కొరివికారపు అన్నమున నేయి వేసికొన్నచో నోటికి హాయిగా నుండుటకును హేతువు ఇదియే. పక్షులకు మాత్రము ఈ కారము సోకదు. చిలుకలు పండుమిరపకాయలను జామపండ్లవలె కొఱికి తినుట చేలలో చూచి పిల్లలు ఆశ్చర్యపడుచుందురు.

ఇక ఉప్పు. కిలో కాయలకు పావుకిలో ఉప్పు, పావుకిలో చింతపండు అనునది ఈ ప్రాంతమున పలువురు పాటించు కొలత. అనగా మొత్తము ముద్దలో ఉప్పు ఆరింట నొక పాలు. చినగంజాము మొదలగు తీరగ్రామముల ఉప్పుమళ్లలో పండిన కల్లుప్పును ఎండలో పోసి, వేడిమీదనే దంచి వాడుట ఆచారము. సముద్రపు ఉప్పులో కొద్దిపాటి మెగ్నీషియము లవణములుండును. అవి గాలిలోని తేమను పీల్చుకొనును. అందుచేతనే వానకాలమున ఉప్పుకుండ చెమ్మగిల్లును. ఎండబెట్టని ఉప్పు వేసినవారు తమకు తెలియకుండనే జాడీలో నీరు పోసినవారగుదురు.

కాయలు, ఉప్పు, పసుపు కలిపి రోటిలో కచ్చాపచ్చాగా దంచి, గింజలు, పీచు తీసిన చింతపండును మధ్యనుంచి, జాడీకెత్తి, మూతిపై వాసెన కట్టి మూడు దినములు కదలింపక యుంతురు. ఈ మూడు దినములలో జరుగు పనిని కన్నులతో చూడవచ్చును. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగును. శాస్త్రమున దీనిని ద్రవాభిసరణ మందురు. ముద్దపై ఎఱ్ఱని ఊట తేలును. ఆ ఊటలో చింతపండు నాని మెత్తబడును. చింతపండు నానుటకు వేఱుగ నీరు పోయవలసిన పని యుండదు. ఈ యేర్పాటును మొదట కనిపెట్టిన గృహిణి ఎవరో గాని ఆమె బుద్ధికి జోహారు లర్పింపవలసినదే. మూడవనాడు ముద్దను వెలికి తీసి, మెంతిపొడి చేర్చి, మెత్తగా నూరి, మరల జాడీలో అదిమి పెట్టుదురు. కావలసినప్పుడు కొంచెము తీసికొని నువ్వుపప్పు నూనెతో ఇంగువ, ఆవాల పోపు పెట్టుకొందురు. కొన్ని యిండ్లలో వెల్లుల్లియు వేయుదురు. కళాయి లేని యిత్తడి, రాగి పాత్రలను ఈ పనిలో దరిచేరనీయరు. పులుపు సోకి చిలుము దిగును గనుక.

పచ్చడి యేల చెడును? గాలిలోను, నీటిలోను, మన చేతులపైనను కంటికి కనబడని సూక్ష్మజీవులు కలవు. వానికి ఆహారముతోపాటు నీరు కావలెను. తగినంత ఉప్పు పడినచో, ముద్దలో నీరున్నను అది వానికి అందదు. పైగా వాని శరీరములోని నీటినే ఉప్పు లాగివేయును. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము వానిని మఱింత అణచిపెట్టును. పైన తేలు నూనె గాలిని అడ్డగించును. గాలి లేనిచోట బూజు పెరుగదు. నూనె మునిగియున్న చాలునని కొందఱనుకొందురు. అది పొరపాటు. గాలి లేనిచోటనే పెరిగి విషమును పుట్టించు సూక్ష్మజీవులును కలవు. వానిని ఆపునవి నూనె కాదు, ఉప్పును పులుపునే. కావున ఈ మూడింటిలో ఏ యొక్కటి తగ్గినను మిగిలిన రెండింటిపై నమ్మకముంచుట క్షేమము కాదు.

నియమము లన్నింటికిని ఇట్టి హేతువు కలదని భ్రమపడరాదు. తడిచేయి తగులరాదు, ఎంగిలి గరిట ముంచరాదు అను మాటలు శాస్త్రసమ్మతములు. కాని నెలలో కొన్ని దినములు స్త్రీలు జాడీ తాకినచో పచ్చడి బూజుపట్టునని కొన్ని యిండ్లలో నేటికిని చెప్పుచుందురు. ఇందు సత్యము లేదు. శుభ్రమైన పొడిచేయి ఏ దినముననైనను పొడిచేయియే. తొలి జాడీ పెట్టిన పిల్ల దానిలో బూజు కనబడినప్పుడు తానేదో అపచారము చేసితినని కుమిలిపోవుటకంటె, కాయలను కడిగిన విధమును, ఉప్పు తూకమును మరల తలచుకొనుట మేలు.

దంచిన దినము ఆ యింట పండుగయే. ముద్దను జాడీకెత్తిన పిమ్మట రోటి గోడలకు అంటియున్న కారమును వృథాపోనీయక, వేడియన్నమును రోటిలోనే వేసి, నేయి పోసి కలిపి, చుట్టు చేరిన వారందఱికిని ముద్దలు పెట్టుదురు. కన్నుల నీరు కారుచున్నను ఎవరును చేయి వెనుకకు తీయరు. చిన్న గిన్నెలతో ఇరుగుపొరుగు ఇండ్లకు రుచి పంపుదురు. అందిన గిన్నెను కడిగి ఊరక యీయరు. తమ యింటిదో, తోటలోనిదో ఏదో యొకటి అందులో పెట్టి పంపుదురు. తొలి జాడీ పెట్టినవారికి ఇదియొక పరీక్ష. ఉప్పు చాలలేదని మొగమెదుట చెప్పు పొరుగింటి పెద్దమ్మ మాట ఆ క్షణమున చేదుగా తోచినను, ఆమె మేలు చేసినదే యగును. మూడవనాడు తిరుగ నూరునప్పుడు ఉప్పు చేర్చుకొను అవకాశ మింకను మిగిలియుండును గదా!

ఇప్పుడు రోళ్లు చాల యిండ్లలో మూలబడినవి. మిక్సీలో నూఱువారు దాని గిన్నెను కడిగి తేమ యారకుండనే కాయలు వేయుట తఱచు జరుగు పొరపాటు. రక్తపుపోటు భయమున ఉప్పు తగ్గించి పెట్టువారు పెరిగినారు. అట్లు చేయుట తప్పు కాదు. కాని ఆ పచ్చడిని శీతలయంత్రములో నుంచి కొలది దినములలోనే ముగింపవలెను, అలమరలో జాడీ నింపి యేడాది యుంచరాదు. విదేశములలో పండుమిరపకాయలు దొరకని చోట ఎండుమిరపకాయలను నానబెట్టి చేసికొందురు. రుచి కొంత పోలినను, నానినప్పుడు నీరు చేరినది గనుక అదియు నిలువయుండునది కాదు.

వేఱొక మార్పు మెచ్చదగినది. హైదరాబాదు, బెంగళూరు నగరములలో ఉద్యోగములు చేయుచు గదులలో నివసించు ఈ ప్రాంతపు యువకులు, మాఘమాసమున ఊరికి వచ్చి కాయలు మూటగట్టుకొనిపోయి, తామే పచ్చడి పెట్టుకొనుచున్నారు. పూర్వము మగపిల్లలు దంచుటకు రోకలి పట్టుట వఱకే గాని, ఉప్పు వేయు అధికారము వారికుండెడిది కాదు. వారు తల్లికి ఫోను చేసి ఉప్పెంత యని యడుగుదురు. ఆమె చేతికి తెలియునని చెప్పును. ఆమె చేయి ముప్పది యేండ్లుగా ఆ ఉప్పును తాకుచున్నది గనుక దానికి తెలియును. కుమారుని చేతికి తెలియదు. అందుచేత అతడు ఆమెచేత పిడికిళ్లతో ఉప్పు తీయించి, ఒక్కొక్క పిడికిలిని త్రాసునందుంచి తూచి, పుస్తకమున వ్రాసికొనును. కాయల తూకము, ఆరబెట్టిన గంటలు, ఆనాటి ఎండ, మూడవనాడు తేలిన ఊట, అన్నియు అందులో చేరును. కోతకు ముందు వాన పడిన యేట కాయలో నీరు హెచ్చుగా నుండునని, కాయలను మఱి యొక పూట ఆరబెట్టవలెనని తల్లి చెప్పిన మాటను తూకములో పెట్టుటకు వీలు లేదు గనుక, దానిని అంచున వేఱు సిరాతో వ్రాసియుంచును.