ఆర్కిటెక్టు గీసిన ఇల్లు: బరంపురం లెక్క

ఆర్కిటెక్టుతో ఇల్లు కట్టించుకుంటే అయ్యే ఖర్చులో ఆర్కిటెక్టు ఫీజు వాటా చిన్నది. అయినా ఒడిశాలోని బరంపురంలో ఇల్లు తలపెట్టినవారు మొదట బెదిరేది ఆ ఫీజుకే. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. చట్టం కాపాడింది పేరును మాత్రమే, ప్లాను గీసే పనిని కాదు. అందుకే ఆ పని సివిల్ ఇంజనీరో డ్రాఫ్ట్స్‌మనో చేసిపెట్టడం మామూలు. ఒక్కోసారి మేస్త్రీయే నేలమీద ముగ్గు పోసి తేల్చేస్తాడు.

విడి ఇంటికి కౌన్సిల్ సూచించిన ఫీజు నిర్మాణ వ్యయంలో 7.5 శాతం. కాగితాలు, ఉత్తరప్రత్యుత్తరాల కింద ఆ ఫీజులో మరో 10 శాతం. 1,500 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 2,000 రూపాయల చొప్పున అవుతుందనుకుంటే మొత్తం 30 లక్షలు. అప్పుడు ఫీజు 2,25,000, పైఖర్చు 22,500. 18 శాతం జీఎస్టీతో కలిపి 2,92,050 రూపాయలు. పని సాగేకొద్దీ వాయిదాల్లో ఇచ్చే సొమ్ము ఇది. స్తంభాల, దూలాల లెక్కలు, నీళ్ళ గొట్టాల, కరెంటు డ్రాయింగులు, అప్పుడప్పుడు పనిచోటికి వచ్చి చూసుకోవడం ఇందులోనే వస్తాయి. రోజంతా నిలబడి పని చేయించే మనిషి జీతం మాత్రం రాదు. ఈ సంగతి ఒప్పందం రోజునే తేల్చుకోకపోతే స్లాబు పోసే రోజున తగాదా తప్పదు.

అసలు డబ్బు పోయేది సిమెంటు, ఇనుము, ఇటుక, కూలీల మీద. మోటు లెక్కకు వెయ్యి చదరపు అడుగులకు 400 బస్తాల సిమెంటు, 4 టన్నుల ఇనుము పడతాయి. ప్లాను మారితే ఈ అంకెలూ మారతాయి. స్తంభాల మధ్య ఎడం పెరిగితే దూలం లోతూ ఊచల బరువూ పెరుగుతాయి. పైఅంతస్తు గోడ కింది గోడ మీద కూర్చోకపోతే దానికో దూలం అదనం. స్నానాల గదులు తలో మూలా పెడితే గొట్టాలు ఇల్లంతా పాకాలి. పై లెక్కలోని ఇంట్లో వంద చదరపు అడుగుల నడవా తగ్గించగలిగితే 2 లక్షలు మిగులుతాయి. ఆర్కిటెక్టుకిచ్చే మొత్తంలో దాదాపు మూడింట రెండొంతులు అక్కడే తిరిగొచ్చినట్టు.

బరంపురం ఉన్న గంజాం తీరంలో ఈ ఖర్చుకు గాలి, ఉప్పు తోడవుతాయి. ఒడిశా తీరంలో ఇంటి డిజైనుకు భారత ప్రమాణాలు చెప్పే గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను గాలి గంటకు 200 కిలోమీటర్లు మించింది. అలాంటి గాలికి ముందుగా లేచిపోయేవి రేకుల షెడ్లు, మేడమీది ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకులు. సోకు కోసం బయటికి చాచిన సజ్జాలనూ అది కిందినుంచి ఎత్తుతుంది.

ఉప్పు పని నిదానం. మామూలు చోట్ల ఎం20 రకం కాంక్రీటు, ఊచమీద 20 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, చాలు. సముద్రపు గాలి నేరుగా తగిలేచోట ఎం30, 45 మిల్లీమీటర్లు ఉండాలి. కవరు చాలని సజ్జా అడుగున మొదట ఊచ వెంబడే సన్నగా పగులు వస్తుంది, తర్వాత పెచ్చు ఊడుతుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. కొద్దిపాటి ఖరీదు చేసే కవరు బ్లాకులకు బదులు ఊచల కింద కంకరరాళ్ళు ఎగదోసి సరిపెట్టడం దీనికి ఒక కారణం. ఆర్కిటెక్టు డ్రాయింగు ఎంత బాగున్నా ఆ రాళ్ళను ఆపలేదు. పనిచోట చూసే కన్ను ఉండాలి.

బరంపురం పాతపేటల్లో స్థలాలు సన్నం, పొడవు ఎక్కువ. పక్కింటి గోడ ఆనుకుని ఉంటుంది కనుక వెలుతురు వీధివైపు నుంచో, మధ్యలో వదిలిన ఆకాశం నుంచో రావాలి. ఆ కాస్త చోటూ గదిలో కలిపేసుకుంటే పట్టపగలే లైటు వేసుకోవాలి.

డిజైను ఖర్చును పంచుకునే దారులూ ఉన్నాయి. ఫైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో గంజాంలో తుపానుకు తట్టుకునే ఇళ్ళను ఇంటివారే కట్టుకున్నారు, సొమ్ము దశలవారీగా అందింది. ఒకే నమూనా వందల ఇళ్ళకు వాడితే డిజైను ఖర్చు ఇంటికి నామమాత్రమే. కట్టుబడిలోనూ ఆదాకు దారి ఉంది. ఆర్కిటెక్టు లారీ బేకర్ వాడుకలోకి తెచ్చిన బోలు ఇటుక కట్టుబడిలో, ఇటుకలను నిలబెట్టి మధ్యలో సందు వదులుతారు. దాదాపు నాలుగోవంతు ఇటుక మిగులుతుంది. తుపాను ప్రాంతంలో ఆ గోడకు అడ్డంగా కాంక్రీటు పట్టీలు మాత్రం మానకూడదు.

పన్నుల్లో 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంత తగ్గింపూ కొనేవాడికి అందితే బస్తా ధరలో దాదాపు 8 శాతం మిగులు. పని మధ్యలో గోడలు జరిపిస్తే ఆ మిగులు నిలవదు. కాంట్రాక్టరు బిల్లులో కొంత సొమ్ము ఒక వర్షాకాలం గడిచేదాకా అట్టేపెట్టుకోవడం ఒప్పందాల్లో మామూలే. గంజాంలో ఆ గడువు అక్టోబరు దాటేలా రాసుకోవాలి.