ఏరియలు బలము, వార్త దూరము

ఏరియలునకు ‘గెయిన్’ హెచ్చినంతనే క్రొత్త శక్తి పుట్టదని నా తొలి మనవి. దీపము వెనుక అద్దము నిలిపినచో, చమురు పెరుగకయే వెలుగు ఒక దెసకు దూరముగ ప్రసరించును. ఇదియు నట్టిదే. నడుమ నడ్డు లేనిచో, గెయిన్ 6 డెసిబెల్లులు, అనగా నాలుగు రెట్లు, పెరిగిన దూరము రెండింతలగును.

2007వ సంవత్సరమున వెనిజులా దేశమందు ఎర్మానో పియెట్రోసెమోలి ప్రభృతులు రెండు పర్వతములపై గిన్నె యేరియలులు నిలిపి, ఇండ్లలో వాడు చిన్న వైఫై యంత్రములతోనే 382 కిలోమీటర్లు వార్త నడపిరి. పర్వతములేల? భూమి గుండ్రనిది, దాని యుబ్బును గెయిన్ దాటింపజాలదు. మరియు కిరణము సన్నమైనకొలది గురి సూటిగ నుండవలెను.

కావున మారుమూల గ్రామమునకు వార్త తేదలచువారు యంత్రబలముకంటె ముందు ఏరియలును, ఎత్తును, గురిని చూచుకొనవలెనని విన్నవించుచున్నాను.