ఒక రూపాయి – రెండు రాజ్యాలు



వేసవి సెలవుల్లో మీలో కొందరు భద్రాచలం వెళ్ళే ఉంటారు. ఖమ్మంలో పొద్దున ఫలహారం చేసి బస్సెక్కితే మధ్యాహ్న భోజనానికి అక్కడ ఉండవచ్చు. దూరం సుమారు 120 కిలోమీటర్లు. కాని మా నాన్నగారికి పదేళ్ళప్పుడు, అంటే 1940 వేసవిలో, ఈ ప్రయాణానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. అంతేకాదు, ఆయన ఒక రాజ్యంలో రైలెక్కి మరొక రాజ్యంలో పడవ దిగారు!

అదెలాగంటారా? ఆ రోజుల్లో ఖమ్మం నిజాం ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానంలో ఉండేది. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని 1860లో నిజాం ఇంగ్లీషువారికి ఇచ్చివేశాడు. 1874లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేర్చారు. కనుక అక్కడ నదే సరిహద్దు.

నాన్నగారు మా నాయనమ్మతో కలిసి భద్రాచలంలో ఉన్న పెద్దమ్మ ఇంటికి బయలుదేరారు. ప్రయాణమయ్యేటప్పుడు తాతగారు ఆయన చేతిలో ఒక వెండి రూపాయి పెట్టి, "నీకు నచ్చింది కొనుక్కోరా" అన్నారు. దాని మీద చార్మినార్ బొమ్మ ఉన్నది.

దోర్నకల్‌లో రైలు మారారు. మధ్యాహ్నానికి రైలు ఆగిన స్టేషను మీద "భద్రాచలం రోడ్" అని ఉన్నది. నాన్నగారు, "వచ్చేశాం!" అని గంతు వేశారు. నాయనమ్మ నవ్వింది. ఆ స్టేషను ఉన్న ఊరు కొత్తగూడెం. భద్రాచలానికి పోయే దారి అక్కడ మొదలవుతుంది. ఇంకా సుమారు 40 కిలోమీటర్లు అడవిలో పోవాలి!

ఎండ తగ్గాక నాలుగు బండ్లు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. అడవిలో ఒంటిబండి పోవటం క్షేమం కాదు గదా! దారికి రెండువైపులా టేకు, వెదురు, తునికి, ఇప్ప చెట్లు. బండి కింద లాంతరు ఊగుతున్నది. ఎద్దుల మెడల్లో గంటలు మోగుతుంటే నాన్నగారు నిద్రపోయారు.

తెల్లవారేసరికి ఎదురుగా గోదావరి! వేసవి గనక నీరు సన్నగిల్లి, ఇసుకతిన్నెలు బయటపడ్డాయి. రేవు దగ్గర కరోడ్‌గిరి జవాను, అంటే సరిహద్దులో సుంకం వసూలు చేసే ఉద్యోగి, ట్రంకుపెట్టె తెరిపించి చూశాడు. కట్టుబట్టలూ పచ్చడి జాడీ తప్ప అందులో ఏమీ లేవు గనక పొమ్మన్నాడు. పడవ దాటించింది.

ఆ సాయంకాలం నాన్నగారు బజారులో ఒక చెక్క గుర్రాన్ని చూసి ముచ్చటపడ్డారు. వెల ఒక రూపాయి. ఆయన తన రూపాయి ఇచ్చారు. దుకాణదారు దాన్ని తిప్పి చూసి, "బాబూ, ఇది హాలీ రూపాయి. ఇక్కడిది కల్దారు. నీ రూపాయికి పదమూడున్నర అణాలే వస్తాయి" అన్నాడు.

దుకాణదారు మోసం చేశాడా? లెక్క చూద్దాం. నిజాం రూపాయిని హాలీ సిక్కా అనీ, ఇంగ్లీషువారి రూపాయిని కల్దారు అనీ అనేవారు. 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానం. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. కాబట్టి ఒక హాలీ రూపాయి విలువ 13 అణాల 8 పైలకు కాస్త ఎక్కువ. మార్చి ఇచ్చినందుకు దుకాణదారు రెండు మూడు పైలు ఉంచుకున్నాడు, అంతే!

కాని పదేళ్ళ పిల్లవాడికి ఆ లెక్క ఎలా తెలుస్తుంది? "అమ్మా, నా రూపాయి గోదావరిలో తడిసి చిన్నదైందా?" అని ఏడ్చారట.

తపాలా బిళ్ళల సంగతీ అంతే. నిజాం బిళ్ళ సంస్థానం లోపలే చెల్లేది. కచేరీల్లో ఈ ఒడ్డున ఉర్దూ, ఆ ఒడ్డున ఇంగ్లీషు. కాని ఇళ్ళలో మాత్రం రెండు ఒడ్డులా తెలుగే. అడవిలోని కోయవారు ఇటూ ఉన్నారు, అటూ ఉన్నారు. చుట్టరికాలకు నది అడ్డం కాలేదు.

1948లో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956లో రెండు ఒడ్డులూ ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాకు వచ్చింది. 1965లో గోదావరి మీద వంతెన ప్రారంభమైంది. ఇక సరిహద్దు మాసిపోయిందనే అనుకున్నాం. కాని 2014లో గీత మళ్ళీ మారింది. నేడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉన్నది, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. అయితే రూపాయి మాత్రం రెండు చోట్లా ఒక్కటే!

ఇంతకూ చెక్క గుర్రం ఏమైందంటారా? నాన్నగారు కొనలేదు. తాతగారిచ్చిన రూపాయిని చిన్నబుచ్చటం ఇష్టంలేక, ఖమ్మానికి తిరిగి తెచ్చుకున్నారు. అదిప్పుడు నా బల్ల సొరుగులో ఉన్నది. 'హాలీ' అంటే ఇప్పుడు చెల్లుతున్నది అని అర్థం. నేడది ఏ ఒడ్డునా చెల్లదు. అయినా నేను దాన్ని ఎవరికీ ఇవ్వను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. వాళ్ళ పెట్టెల్లో ఏ నాణెం ఉన్నదో, అది ఏ ఏరు దాటి వచ్చిందో!