నింపడం యంత్రం వంతు, పంపడం మనిషి వంతు

అరకులోయ, పాడేరు, ముంచంగిపుట్టు వంటి చోట్ల కుల ధ్రువీకరణ పత్రానికో, పింఛనుకో వచ్చే గిరిజనుల్లో చాలామంది ఆన్‌లైన్ దరఖాస్తును స్వయంగా నింపరు. మీసేవ కేంద్రంలోనో, 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయ వ్యవస్థలోనో మరొకరు టైపు చేసిపెడతారు. వివరాలు ఒకరివి, వేళ్లు మరొకరివి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లతో దరఖాస్తులు వాటంతటవే నిండిపోయే ఆటోఫిల్‌ సౌకర్యం మాత్రం సొంత కంప్యూటర్‌లో సొంత వివరాలు నింపుకునేవారిని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. అందుకే ఇలాంటి గిరిజన ఏజెన్సీ ప్రాంతాల్లో దానికి ఒక హద్దు గీయాలి: నింపేపని యంత్రానికి వదిలినా, సబ్మిట్ నొక్కేపని వదలకూడదు.

ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్. అనుమతి ఉన్న పేజీలోని గడులను గుర్తించి, ముందే దాచిన వివరాలను వాటిలో పెడుతుంది. మనం టైపు చేసినప్పుడు ఫలానా గడి మారిందని బ్రౌజరే పేజీకి తెలియజేస్తుంది. ఎక్స్‌టెన్షన్ నేరుగా పెట్టినప్పుడు ఆ సంగతి తనే చెప్పాలి. చెప్పకపోతే తెరమీద కనిపించే పేరు వెబ్‌సైటు లెక్కలోకి ఎక్కకపోవచ్చు. జిల్లాను బట్టి మండలాలు, మండలాన్ని బట్టి గ్రామాలు సర్వర్ నుంచి రావలసిన దరఖాస్తుల్లో చిక్కు ఇంకా ఎక్కువ. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే కొండల్లో జాబితా రాకముందే ఎక్స్‌టెన్షన్ తన పని ముగిస్తే ఊరి గడి ఖాళీగా మిగులుతుంది. పైగా దాచిన వివరాలు పాతబడతాయి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అంతకుముందు దాచిన చిరునామాలో అరకులోయ ఇంకా విశాఖపట్నం జిల్లాలోనే ఉంటుంది. కొర్రా, పాంగి, కిల్లో, వంతల వంటి ఇంటిపేర్లు ఇక్కడ ఊరూరా వినిపిస్తాయి. ఎందరో వాడే కంప్యూటర్‌లో రెండక్షరాలు కొట్టగానే వచ్చే సూచనల్లో పొరుగూరి మనిషి వివరాలు ఎంచుకోవడానికి ఒక్క నొక్కు చాలు.

ఇంతవరకు జరిగిన తప్పును దిద్దుకోవచ్చు. సబ్మిట్ కూడా దానంతటదే జరిగితే ఆ అవకాశం పోతుంది. జావాస్క్రిప్ట్‌లో ఫారాన్ని నేరుగా పంపే 'సబ్మిట్' ఆదేశం బ్రౌజర్ చేసే తనిఖీలను దాటేస్తుంది. తప్పనిసరి గడి ఖాళీగా ఉన్నా ఆగదు. 'రిక్వెస్ట్‌సబ్మిట్' అనే ఆదేశం మనిషి బటన్ నొక్కినట్టే ఆ తనిఖీలన్నీ చేయిస్తుంది. కానీ గడి నిండిందా లేదా అని చూడగల తనిఖీ, అందులోని తండ్రి పేరు ఈ దరఖాస్తుదారుడి తండ్రిదేనా అని చెప్పలేదు. ఆ సంగతి తెలిసినవాడు ఎదురుగా నిలబడ్డవాడే. ఇక కంటికి కనిపించని గడులుంటాయి. పేరు, ఈమెయిల్ మాత్రమే అడుగుతున్నట్టు కనిపించే పేజీ, దాచిన గడుల్లోకి ఫోన్ నంబరు, చిరునామా కూడా ఆటోఫిల్‌తోనే లాగేయగలదని 2017లో ఫిన్లాండ్ డెవలపర్ ఒకరు చేసి చూపించారు.

క్యూ పొడవుగా ఉన్నప్పుడు, నెట్ ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు ఇంత నిదానం కుదరదని అనవచ్చు. నిజమే, ఆటోఫిల్ టైపు చేసే సమయాన్ని మిగులుస్తుంది. ఆ మిగిలిన సమయంలోంచే నిండిన ఫారాన్ని దరఖాస్తుదారుడికి చదివి వినిపించడానికి ఒక నిమిషం కేటాయించవచ్చు. తప్పు దొర్లితే దిద్దించుకోవడానికి కొండ దిగి మండల కేంద్రానికి మళ్లీ రావలసింది ఆయనే, ఆ రోజు కూలి పోయేదీ ఆయనకే. చేత్తో టైపు చేసినా తప్పులు రావా అంటే వస్తాయి. అయితే చేతి తప్పు సాధారణంగా ఒక దరఖాస్తుతో ఆగుతుంది. దాచిపెట్టిన తప్పు దాన్ని వాడిన ప్రతి దరఖాస్తులోకీ పాకుతుంది. లాగిన్ వివరాలను ఇలాగే నింపే పాస్‌వర్డ్ మేనేజర్లు అసలు వెబ్‌సైటు చిరునామాను సరిచూసి నకిలీ సైట్ల నుంచి కాపాడతాయన్న మాటా వాస్తవమే. ఆ మేలు కేంద్రం నడిపేవారి లాగిన్‌కు దక్కుతుంది. ఫారంలోని పేరు ఎవరిదో మాత్రం అవి సరిచూడవు.

కాబట్టి ఎక్స్‌టెన్షన్ తయారుచేసేవారు ఫారాన్ని నింపి ఆగాలి. తాము నింపిన గడులను వేరే రంగులో చూపాలి. కేంద్రాల్లో పౌరుల పేర్లు, ఆధార్ నంబర్లు బ్రౌజర్‌లో దాచే సెట్టింగును ఆపేయాలి. దరఖాస్తుకు వెళ్లినవారు సబ్మిట్ నొక్కకముందే పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా చదివి వినిపించమని అడగాలి. అలా అడగడం వారి హక్కు.